అన్న చేతికి కొన్న పాత కెమెరా

పెళ్ళి ఫోటోలు తీసే కుర్రవాళ్ళు కొందరు ఇప్పటికీ చింతామణిలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. నేను పని మానేసి కొంతకాలమైంది. కుడి భుజం పైకి లేవదు, మెడ పూర్తిగా తిరగదు. ఈ వృత్తి నాకిచ్చిన పింఛను అదే. అయినా వస్తారు. కాఫీ తాగి, వానల గురించీ టమాటా ధర గురించీ కాసేపు మాట్లాడి, లేవబోయే ముందు అసలు విషయానికొస్తారు. పాత మిర్రర్‌లెస్ ఒకటి దొరుకుతోంది సార్, రెండో బాడీగా తీసుకోవచ్చా అని.

తీసుకోండి, బ్యాటరీలు మాత్రం ఎక్కువ పెట్టుకోండి, చీకట్లో ఫోకస్ కాస్త తడుముకుంటుంది, దాన్ని నమ్మి ముహూర్తం ఒక్కటే తీయకండి అని చెప్పి పంపేస్తాను. వాళ్ళకు కావలసింది అంతే. నేను అలాంటి కెమెరా ఎందుకు కొన్నానో, కొన్నాక ఏమైందో కాఫీ చల్లారేలోగా చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను. చదివాక కెమెరాల గురించి మీకు పెద్దగా తెలిసేదేమీ ఉండదు, ముందే చెబుతున్నాను.

నాకొక భాగస్వామి ఉండేవాడు. నాకంటే పెద్దవాడు. బాగేపల్లి తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న చాకవేలు ఆయన సొంత ఊరు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, తర్వాత్తర్వాత చింతామణిలో అందరూ అలాగే పిలిచారు. ఇక్కడా అన్న అనే రాస్తాను. వాళ్ళ నాయన తాగుడుకు భూమంతా కరిగిపోయింది. చదువు మధ్యలో ఆగిపోయి, ఆయన చింతామణికొచ్చి ఒక స్టూడియోలో ఫిల్ములు కడిగే పనికి చేరాడు. నాయన పోయిన విధం చూశాడు కాబట్టి మందంటే ఆయనకు అసహ్యం కాదు, భయం. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు వెనకవైపు గదిలో చేరి సీసాలు తెరిస్తే ఆ గది గుమ్మం దగ్గరికి కూడా పోయేవాడు కాదు. అక్కడ ఫోటో కావాలంటే నేనే పోయేవాణ్ణి.

మేమిద్దరం కలిసి స్టూడియో పెట్టుకున్నాక పని దానంతటదే పంచుకున్నట్టయింది. గుంపులను నిలబెట్టి తీసేది నేను. మంటపం మీదికెక్కి, పురోహితుడికి అడ్డం రాకుండా, తాళికి మూరెడు దూరంలో నిలబడి తీసేది ఆయన. ఫ్లాష్ వేస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు వస్తాయని ఆయనకు కోపం. దీపాల వెలుతురులో, షట్టర్ నెమ్మదిగా పెట్టి, ఊపిరి బిగబట్టి తీసేవాడు. అంత నెమ్మది షట్టర్‌లో నేను తీస్తే బొమ్మ అలుక్కుపోయేది. ఆయన తీస్తే పెళ్ళికూతురి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఇదెట్లన్నా అని అడిగితే, చెయ్యి తనది కాదనుకోవాలప్పా, అంతే, అనేవాడు.

మొదట నేను గమనించింది మెమరీ కార్డు. నడుస్తూ, మాట్లాడుతూ, చూడకుండానే కార్డు మార్చే మనిషి, ఒకనాడు గోడవైపు తిరిగి నిలబడి మారుస్తున్నాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. దగ్గరికి పోయేసరికి కార్డు లోపలికి పోయింది, ఆయన ఏదో జోకు వేశాడు, నేను మరిచిపోయాను.

తర్వాత బాగేపల్లిలో ఒక నిశ్చితార్థం. స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలు ఏరుతుంటే అన్న తీసినవాటిలో ప్రతి బొట్టుకూ నీడలాంటి అంచు ఇంకొకటి కనిపించింది. ఒకటి రెండైతే ఎవరికైనా జరుగుతుంది. ఇవి వరసగా ఉన్నాయి. లెన్స్ పోయినట్టుందప్పా అన్నాడు ఆయన. లెన్స్‌ను బెంగళూరు పంపించాం. దానికేం రోగం లేదని తిరిగొచ్చింది. ఆ మాట నేను ఆయనకు చెబుతున్నప్పుడు ఆయన కుడిచేయి టేబులు కింద ఉంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఉన్నాడు, పారిపోయే కోడిపిల్లను పట్టుకున్నట్టు.

మా ఇద్దరి మధ్య మాటలకు ఎప్పుడూ కొదవ లేదు, ఈ ఒక్కదాని గురించి మాత్రం నోరు పెగల్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా కెమెరాల్లో ఒకటి మూలబడింది. రెండో బాడీ కొనాలి. పెళ్ళి పనిలో రెండో బాడీ అంటే షోకు కాదు. ముహూర్తం మధ్యలో చేతిలోది ఆగిపోతే పురోహితుణ్ణి ఆగమనలేం కదా. బుద్ధున్నవాడెవడైనా అప్పటికే ఉన్న రకానిదే ఇంకొకటి కొంటాడు. అవే లెన్సులు, అవే బ్యాటరీలు, చేతికి అలవాటైన మీటలు. అన్న కూడా అదే అన్నాడు. నేను మాత్రం పాత మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని రకం, కొందామని పట్టుబట్టాను. బరువు తక్కువన్నాను, చప్పుడు చెయ్యదన్నాను, రాబోయే కాలమంతా ఇదేనన్నాను. రాబోయే కాలమైతే పాతది ఏంటికి కొనేది అని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కొత్తది మా అందుబాటులో లేదు.

నేను చెప్పని కారణం ఒకటుంది. ఆ పాత మోడల్లో చేతి వణుకును సర్దే ఏర్పాటు లెన్సులో కాక బాడీలోనే ఉంది. చెయ్యి అటు కదిలితే లోపలి సెన్సారు ఇటు కదులుతుంది. అంటే మా పాత లెన్సు ఏది తగిలించినా సరే, వణుకును అది మింగేస్తుంది. ఆ సంగతి చదివినప్పటినుంచీ నాకు ఇంకో కెమెరా కంటికి ఆనలేదు.

ఇద్దరం బస్సెక్కి బెంగళూరు పోయాం. పాత కెమెరాలు అమ్మే చిన్న కొట్టు. కొట్టతను మంచివాడే, కన్నడంలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు. కెమెరాను అన్న చేతికిచ్చాడు. అన్న దాన్ని కంటికి పెట్టుకుని, టీవీ చూసినట్టుందని పెదవి విరిచాడు. అద్దంలోంచి నేరుగా లోకాన్ని చూసిన కన్నుకు అందులోని చిన్న తెర నచ్చకపోవడం సహజం. అయినా కొట్లోని గడియారాన్ని ఒకటీ, వీధిలో పూలమ్మే ఆమెను ఒకటీ తీశాడు. తెరమీద పెద్దవి చేసి చూశాం. ఆమె వేళ్ళ మధ్య దారపు పోగు కూడా స్పష్టంగా ఉంది. కొట్టతను సంతోషంగా, చేతులు ఎంత వణికినా ఫోటో వణకదు సార్, ముసలివాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు అన్నాడు. అతనికేం తెలుసు, సరుకు అమ్ముకుంటున్నాడు. అన్న కెమెరాను గాజు బల్లమీద మెల్లగా పెట్టి, బయటికిపోయి నిలబడ్డాడు. నేను లోపల బేరం ముగించుకుని వచ్చాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటి కొండలు కనబడ్డాయి. తర్వాత బయటికి చూస్తూనే అన్నాడు.

"ఇది రెండో బాడీ కాదు కదప్పా. నాకోసం కొంటివి."

నేను ఒడిలోని కెమెరా సంచిని సర్దుకున్నాను.

"డాక్టరు దగ్గరికి పోయొచ్చినా. నరాల జబ్బంట. తగ్గేది కాదంట, మాత్రలేసుకుంటే కొన్నాళ్ళు అణిగుంటాదంట. మీ వదినకి తప్ప ఎవరికీ తెలీదు. ఇంక నీకు తెలుసు. అంతటితో ఆగిపోనీ."

మాటిచ్చాను. బస్సులో, పక్కన కూర్చుని, ఆయన ముఖం చూడకుండా ఇచ్చిన మాట.

తర్వాత కొంతకాలం బాగా గడిచింది. మంచి రోజులు కాబట్టి తొందరగా చెప్పేస్తాను, అవి తొందరగానే అయిపోయాయి. ఎంత పెద్ద వణుకునైనా ఆ కెమెరా ఆపుతుందని కాదు. సగం అది మింగేది, మిగతా సగం షట్టరు వేగం పెంచి సర్దుకునేవాళ్ళం. మాత్ర వేసుకున్న కాసేపటికి అన్న చేతులు మాట వినేవి. ఆ సమయం చూసుకుని ఆయన మంటపమెక్కేవాడు. కైవారంలో ఒక పెళ్ళిలో, దేవుడి దర్శనానికి పోయిన పెళ్ళికొడుకు నాయనమ్మ స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తుంటే తీసిన ఫోటో ఒకటుంది. ఆ ఇంటివాళ్ళు పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నారు. టీవీ కెమెరా అని వెక్కిరించినవాడు దాన్ని రాత్రిళ్ళు తలగడ పక్కన పెట్టుకుంటున్నాడని వదిన చెప్పి నవ్వింది. నేను కూడా, ఒక యంత్రాన్ని సరిగ్గా ఎంచుకుంటే ఒక మనిషి నిలబడతాడని నమ్మేశాను.

ఇక బాగేపల్లిలోనే ఇంకో ఇంట జరిగిన పెళ్ళి.

అమ్మాయివాళ్ళు ఆ చుట్టుపక్కల పాతుకుపోయిన రైతు కుటుంబం. పెద్ద మంటపం, పెద్ద జనం. అమ్మాయికి తండ్రి లేడు, మేనమామే అన్నీ చూసుకుంటున్నాడు. మాట కరుకేగానీ మనిషి మంచివాడు. మాకు టిఫిను పెట్టారో లేదో తనే వచ్చి అడిగిపోయాడు. మగపెళ్ళివారి బస్సు పేరేసంద్ర దగ్గర చెడిపోయి ఆగింది. దాంతో ముహూర్తం చివరి అంచుకు జరిగింది. ముహూర్తానికని అన్న వేసుకున్న మాత్ర ఎదురుచూపులోనే ఖర్చయిపోతోంది. తర్వాతి మాత్ర ఆయన సంచిలో ఉంది. సంచి పెళ్ళికూతురి గదిలో ఉంది. మంటపంలోకి వస్తూ, లోపల నగలున్నాయని, ఎవరో గదికి తాళం వేసుకున్నారు.

మేళం మొదలైంది. మంటపం మీదనుంచి అన్న నన్ను చూసి చొక్కా జేబు తట్టాడు. మాత్ర కావాలని మా గుర్తు. తాళంచెవి అమ్మాయి పెద్దమ్మ దగ్గరుందని ఒకరన్నారు, ఆమె వంటశాలలో ఉందని ఇంకొకరన్నారు. ఆమెను వెతికి, ఆమె కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పించి, గది తెరిచి, సంచిలో తడిమి మాత్ర తీసుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి, అన్నను మోచేయి పట్టుకుని మంటపం మెట్ల దగ్గర నిలబెట్టి ఉన్నాడు మేనమామ.

అన్న చేతులు అంత ఘోరంగా వణకడం నేను అంతకుముందు చూడలేదు. అంతమంది చూస్తున్నారన్న స్పృహ వాటిని ఇంకా రెచ్చగొడుతోంది. మెడలోని కెమెరా చొక్కా గుండీకి తగిలి టకటకా కొట్టుకుంటోంది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు.

మేనమామ గొంతు పెంచలేదు. మా ఇద్దరికే వినబడేట్టు నాతో అన్నాడు.

"ఏమప్పా, ఇట్ల తాగొచ్చినాడు మీవోడు? చేతులు చూడు, ఎట్ల కొట్టుకుంటాండాయో. తండ్రి లేని బిడ్డ పెండ్లి. పెద్దోళ్ళంతా చూస్తాండారు. ఈయన్ని కిందికి తోల్కపో. నువ్వే తియ్."

"తాగిండ్లేదప్పా, ఆయనకి..." అని నేను మొదలుపెట్టాను.

అన్న నా చొక్కా పట్టుకున్నాడు. ఆ వణికే వేళ్ళు గుడ్డను అంత గట్టిగా ఎలా పట్టుకున్నాయో తెలియదు. మేనమామ వైపు చూసి, తల కాస్త వంచి అన్నాడు.

"తప్పయిపోయింది రెడ్డిగారూ. రాత్రి కొంచెం ఎక్కువైంది."

జీవితంలో చుక్క ముట్టని మనిషి. వాళ్ళ నాయన బతికినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళకు చెప్పుకుంటూ తిరిగిన మాట అదే అయ్యుంటుంది. ఆ గొంతులో ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో.

ఆయనే మెడలోంచి కెమెరా తీసి నా మెడలో వేశాడు. కార్డులో చోటుంది, బ్యాటరీ ఇప్పుడే మార్చినా అని చెప్పి, నా చేతిలోని మాత్ర తీసుకుని దిగిపోయాడు. నేను మంటపమెక్కాను. తాళి కట్టడం నేను తీశాను, ఆ కెమెరాతోనే, ఆయన నిలబడే చోటనే నిలబడి. మధ్యలో ఒకసారి కెమెరా కన్ను జనం మీదికి తిరిగినప్పుడు చివరి వరసలో ఆయన కనబడ్డాడు. ప్లాస్టిక్ కుర్చీలో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, బడిలో శిక్ష వేసిన పిల్లవాడిలా కూర్చుని ఉన్నాడు. చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను షట్టరు నొక్కలేదు.

తిరిగొస్తూ పేరేసంద్రలో టీ కోసం ఆగాం. ఆయన గ్లాసులో సగమే పోయమని నేనే చెప్పాను. ఎందుకు నిజం చెప్పనివ్వలేదని అడిగాను. కోపంగానే అడిగాను. హైవే మీద లారీలు పోతున్నాయి, ఒకటి దాటిపోయేదాకా ఆగి చెప్పాడు.

"తాగినోణ్ణి మళ్ళా పిలుస్తారప్పా. ఈతూరి తాగొద్దు నాయనా అని బుద్ధి చెప్పి పిలుస్తారు. జబ్బున్నోణ్ణి చూసి పాపం అంటారు. పాపమన్నాక ఇంక యాడికీ పిలవరు."

టీ డబ్బులిచ్చి లేచాం.

ఆయన లెక్క ఎంత సరైనదో చెబితే మీరు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆల్బం తీసుకోవడానికి ఆ మేనమామే స్టూడియోకి వచ్చాడు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. పెళ్ళికూతురికి బాసికం కడుతున్నప్పుడు, తలుపు పక్కన నిలబడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్న ఆయన ఫోటోనే అది. ఆ పొద్దున, మాత్ర పనిచేస్తున్న వేళలో అన్న తీసింది. ఎక్కడా వణుకు లేదు. ఇది నువ్వు తీసిందేనా అని అడిగాడు. కాదు, అన్నే తీశాడని చెప్పాను. చాలాసేపు చూశాడు. "పనిమంతుడే పాపం," అన్నాడు. "నువ్వన్నా చెప్పి తాగుడు మాన్పియ్యప్పా. మా చిన్నోడి పెండ్లికి మీరే రావల్ల."

ఆ రోజే చెప్పేసి ఉంటే అని మీరు అనుకోవచ్చు. అన్న లోపలి గదిలో ఉన్నాడు, అంతా వింటున్నాడు. మేనమామ పోయాక బయటికి వచ్చి, చూస్తివా, పిలిచినాడు, అన్నాడు. గెలిచినట్టు అన్నాడు.

కానీ మంటపంలో పుట్టిన మాట మంటపంలో ఉండిపోదు. పెళ్ళి ఫోటోలకు మమ్మల్ని మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు, ఆయన ఆరోజు సరిగ్గా ఉంటాడు కదా అని నవ్వుతూ అడగడం మొదలుపెట్టారు. మాట చింతామణి సంతలోకి పోయింది, అక్కడినుంచి పేరేసంద్రకు పోయింది. అన్న కూతుర్ని ఇచ్చింది అక్కడే. ఒక మధ్యాహ్నం వదిన స్టూడియోకి వచ్చింది. ఆమె అంతకుముందు వచ్చింది ఆయుధపూజలకు మాత్రమే. కూర్చోమంటే కూర్చోలేదు.

"మందు వాసన ఎట్లుంటాదో తెలీకుండా పెరిగిన పిల్లలప్పా మావాళ్ళు," అంది. "నిన్న మా వియ్యపురాలు నన్ను పక్కకి పిలిచి అడిగింది, మీ ఆయనకి ఆ అలవాటు ఎప్పుట్నుంచి అని. నేనేమని చెప్పల్ల? ఆయప్ప చెప్పొద్దంటాడు, నువ్వు మాటిచ్చినానంటావు. మీ మాటల మధ్య నా బిడ్డ తలొంచుకోని తిరగాల్నా?"

ఆ సాయంత్రం అన్నతో గట్టిగా మాట్లాడాను. ఈ సీజను గడవనీ, తర్వాత నేనే అందరికీ చెబుతానన్నాడు. సీజను గడవలేదు. చింతామణిలోనే ఒక నామకరణానికి పోయినప్పుడు, హాలు గుమ్మంలో ఆయన కాళ్ళు ఆగిపోయాయి. జబ్బులో అది తర్వాతి మెట్టంట, మాకు తెలియదు. గడప ఇవతల నేలకు అతుక్కున్నట్టు నిలబడిపోయాడు. వెనకనుంచి వచ్చేవాళ్ళు తోసుకున్నారు. ముందుకు రా అన్నా అంటున్నాను, ఆయన రావాలనే చూస్తున్నాడు, కాలు లేవడం లేదు. లోపల ఎవరో, పొద్దున్నే మొదలుపెట్టినాడా అన్నారు, కొందరు నవ్వారు. నేనూ, వెనకనుంచి వచ్చిన ఒకాయనా పట్టుకుని ఆయన్ని గడప దాటించాం. లోపలికొచ్చాక మామూలుగానే నడిచాడు. నేరుగా కుర్చీ దగ్గరికి పోయి కూర్చుని, కెమెరాను పక్క కుర్చీలో పెట్టాడు. దాన్ని మళ్ళీ ఆయన చేతుల్లోకి తీసుకోలేదు, ఆరోజూ, ఆ తర్వాతా.

అప్పుడు చెప్పాం. వదిన చెప్పింది, నేను చెప్పాను, డాక్టరు కాగితాలు కూడా వియ్యంకుల ఇంటికి తీసుకుపోయి చూపించాం. ఇక దాచాల్సింది లేదు, చెబితే మనిషి మీది మచ్చ పోతుందనుకున్నాం. జనం మర్యాదగా విన్నారు. అయ్యో అన్నారు. ఆ వెనకే, నా ముందే, ఎంతో జాలిగా ఒక పెద్దాయన ఇలా అనేశాడు: "తాగి తాగి నరాలు చచ్చిపోయినాయి పాపం."

తర్వాత ఎంతమందికి చెప్పినా చివరికి ఆ మాట దగ్గరికే వచ్చేవారు. అబద్ధం ముందుపోయి నిజానికి చోటు లేకుండా కూర్చుంది. నిజం వచ్చి దాని పక్కన చేరేసరికి ఆ నిజమే అబద్ధానికి సాక్ష్యమైంది. ఆ మేనమామ దగ్గరికి నేను ప్రత్యేకంగా బాగేపల్లి పోయి చెప్పాను. ఆయన బాధపడ్డాడు, నిజంగానే బాధపడ్డాడు. అన్న వైద్యానికి ఏమైనా కావాలంటే అడగమన్నాడు. సాగనంపడానికి వాకిటిదాకా వచ్చి, "మా అన్న కూడా అట్లే పోయినాడప్పా, తాగుడుకి," అన్నాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

కెమెరా నా దగ్గరే ఉండిపోయింది. పని మానేదాకా దానితో నేనే తీశాను. దానికి ఏ లోపమూ లేదు. దేనికోసం కొన్నానో ఆ పని అది చేసింది, ఆయన చేతుల్లో ఉన్నన్నాళ్ళూ బొమ్మ వణకలేదు. ఫోటో తర్వాత చూస్తారనీ, ముందు చూసేది మనిషినేననీ నాకు తట్టలేదు. ఇన్నేళ్ళు మంటపాల మీద నిలబడి కూడా, జనం మమ్మల్ని చూస్తారని ఎప్పుడూ అనుకోలేదు. మేమే వాళ్ళను చూస్తున్నామనుకున్నాను.

చివరిసారి ఆయన్ని చూసింది పేరేసంద్రలో, కూతురింట్లో. అప్పటికి వదినా ఆయనా అక్కడికే చేరారు. వియ్యపురాలే ఆయనకు మెత్తగా సంగటి కలిపి పెడుతోందని తెలిసి నా మనసు కాస్త కుదుటపడింది. నాయనా, ఎవరొచ్చినారో చూడు, అంది కూతురు. వరండాలో కుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నా వైపు చూశాడు. ముఖంలో ఏమీ కదలలేదు. కనుబొమ్మలు, పెదవులు, బుగ్గలు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఈ జబ్బు చివరికి ముఖాన్ని కూడా బిగించేస్తుందని నాకెవరూ చెప్పలేదు.

"లోపలంతా తెలుస్తాదంటప్పా," అంది కూతురు. "సంతోషమైనా దుఃఖమైనా బయటికి రాదంతే. డాక్టరు చెప్పినాడు."

పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడాను. స్టూడియో గురించి, చింతామణి గురించి, ఎవరి పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయో అవి. చాకవేలు జాతరలో మేకపోతు మా ఫ్లాషు వైరు నమిలేసిన సంగతి చెప్పాను. అది ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వేవాడు. చెబుతూ ఆ ముఖంలోకే చూస్తున్నాను. గోడవైపు చూస్తూ మాట్లాడినట్టే ఉంది. ఒకసారి పెదవులు కొంచెం కదిలినట్టనిపించి చెవి దగ్గర పెట్టాను. ఊపిరి మాత్రమే వినిపించింది.

బస్సు వేళయిందని లేచాను. పోయొస్తానన్నా అన్నాను. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి, లేదా నా వెనకున్న రోడ్డు మీద ఉన్నాయి. తర్వాతి పెళ్ళిళ్ళ కాలం రాకముందే పోయాడు. ఆరోజు నేను వచ్చినందుకు ఆయన సంతోషించాడో, ఇంక నేను లేచి వెళ్తే బాగుండునని అనుకున్నాడో, నాకు తెలియదు.